పచ్చ పట్టీ

"ఇది ఎవరి చేతికి? చెప్పవే, ఇది ఎవరి చేతికి కట్టుకోమని పంపించారు?"

చేతిలో ఉన్నవన్నీ మేస్త్రీ భోజనాల బల్ల మీద విసిరేశాడు. చింపిన కవరు, రెండు కాగితాలు, కారు తాళం, వాటన్నిటి మీదా పచ్చ పట్టీ. జానెడు పొడుగు, రెండు వేళ్ళ వెడల్పు, ఓ కొసన జిగురు.

అతని భార్య పాలగిన్నె మీంచి చూపు తిప్పలేదు. స్కూలు వ్యాను నడుపుతుంది కనక పిల్లలు ఆమెకి వ్యానమ్మ అని పేరు పెట్టారు. పదకొండేళ్ళయ్యేసరికి పిల్లల తల్లులు కూడా ఆ పేరే ఖాయం చేశారు. పాలు పొంగడానికి ఇంకా టైముందని ఆమెకి తెలుసు. అయినా తిప్పలేదు.

"మీకే అయ్యుంటుంది. కవరు మీద పేరు ఉంటుందిగా," అంది.

"పేరు నాదే. ఆ మాత్రం చదువు నాకూ వచ్చు. నేనడిగేది రంగు సంగతి!"

రంగు సంగతి ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చు. నెల రోజులుగా అదే పారాయణం. మూడు నెలలకోసారి క్లబ్బువాళ్ళు రేసు ట్రాకు అద్దెకి తీసుకుని, ఎవరి కారు వాళ్ళు తెచ్చుకుని సరదా తీరా తోలుకునే రోజు పెడతారు. వచ్చినవాళ్ళని మూడు గ్రూపులు చేస్తారు. పచ్చ పట్టీ కొత్తవాళ్ళకి. పక్క సీట్లో మాస్టారు కూర్చుంటాడు, ముందువాడు చెయ్యి ఊపి దారిస్తే తప్ప దాటకూడదు. పసుపు పట్టీవాళ్ళు ఒంటరిగా తోలొచ్చు, తిన్నని దారిలో మాత్రం దాటొచ్చు. ఎర్ర పట్టీవాళ్ళకి పక్కన ఎవరూ ఉండరు. మలుపులోనైనా సరే, ఎటునుంచైనా దాటతారు. వెనక ఎవడొస్తున్నాడో, పక్కకి ఎవడు చేరుతున్నాడో అద్దాల్లో చూసుకోవడం ఎవరి పని వాళ్ళదే.

మేస్త్రీ రెండేళ్ళు పసుపులో తిరిగి, పోయిన నెల ఎర్రకి ఎక్కాడు. రేపు ఆదివారం మొదటిసారి ఆ పట్టీ కట్టుకోవాలి. షాపుకి టైరు గాలి పట్టించుకోవడానికి వచ్చినవాడికి కూడా ఆ వార్త చెప్పి పంపాడు.

"నా దగ్గర చక్రాలు సరిచేయించుకున్నవాడు ఎర్ర పట్టీతో నన్ను దాటుకుని పోతాడు. నేనేమో పక్కన మాస్టార్ని కూర్చోబెట్టుకుని, బ్రేకు ఎక్కడుంది మాస్టారూ అని అడగాలి. అంతేగా?"

"అలా ఎందుకనుకుంటారు..."

"ఇంకెలా అనుకోమంటావ్? నన్ను ఊళ్ళో ఏమంటారు? చెప్పు, ఏమంటారు?"

నూలువాసి మేస్త్రీ అంటారు. చక్రాలు సరిచేసే మెషిను షాపులో ఉన్నా, అది చెప్పకముందే కారు ముందు గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, ఏ చక్రం నూలువాసి ఎటు తిరిగిందో చెప్పేవాడు. తరవాత మెషిను కూడా ఆ మాటే చెప్పేది. బయట ఆ పేరున్న మనిషి బల్ల దగ్గర కూర్చోబోయాడు. ఎడం మోచెయ్యి తగిలి టీ గ్లాసు దొర్లింది. టీ కాగితాల మీదుగా పాకి అంచు నుంచి కారింది.

"గ్లాసు ఇక్కడెవడు పెట్టమన్నాడు? ఇది గ్లాసు పెట్టే చోటా?"

వ్యానమ్మ గుడ్డ తెచ్చి తుడిచింది. గ్లాసు అక్కడ పెట్టింది ఆమే. రోజూ కుడివైపే పెడుతుంది. ఇవాళ కుడివైపు కవరు ఉండబట్టి ఏమరుపాటున ఎడంవైపు పెట్టింది. ఎనిమిది నెలల్లో ఆమె చేసిన మొదటి పొరపాటు అది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో కుర్చీ జరగలేదు, చెప్పుల స్టాండు కదలలేదు, పూలకుండీ అడుగు అటూ ఇటూ అవలేదు. ఎక్కడేముందో మేస్త్రీ కాళ్ళకి తెలుసు, చేతులకి తెలుసు. ఎడంపక్కన కళ్ళు చెయ్యాల్సిన పని అవే చేస్తున్నాయి.

కారులో అయితే వ్యానమ్మ చేస్తోంది. ఎడం సీట్లో కూర్చుని, "ఎడమ, సైకిలు", "ఎడమ, ముసలాయన" అంటూనే ఉంటుంది. నీ నసతో చస్తున్నానని అతను విసుక్కుంటాడు. విసుక్కుంటూనే తప్పుకుంటాడు.

"ఇది వాడి పనే," అన్నాడు మేస్త్రీ ఫోను తీస్తూ. "సంతకం పెట్టింది వాడు. వెనక్కి తీసుకున్నదీ వాడే అయ్యుండాలి. కళ్ళు నెత్తికెక్కాయి వెధవకి."

వాడంటే తమ్ముడు. షాపులో చిన్నమేస్త్రీ. ఎర్ర గ్రూపులో చేరాలంటే ఆ గ్రూపువాడొకడు ఇరవై నిమిషాలు పక్కన కూర్చుని చూసి, పరవాలేదని సంతకం పెట్టాలి. తమ్ముడు అంతకుముందు ఏడాదే ఎర్ర పట్టీ కట్టాడు. అన్నగారికి సంతకం పెట్టింది అతనే.

"ఎక్కడున్నావ్? షాపు షట్టరు దించెయ్. ఉన్నపళంగా ఇంటికి రా," అని ఫోను పెట్టేశాడు మేస్త్రీ.

పాలు పొంగాయి. వ్యానమ్మ ఈసారి గిన్నె వంక చూడనే లేదు.

ఆమె కళ్ళముందు మంగళవారం ఉంది.

క్లబ్బు ఆఫీసు అంటే ట్రాకు గేటు పక్కన రేకుల గది. అక్కడ గ్రూపులు వేసే పెద్దమనిషిని అందరూ హెడ్మాస్టారంటారు. ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ముప్పై ఏళ్ళు బస్సు డ్రైవర్లకి శిక్షణ ఇచ్చి రిటైరయ్యాడు. ఆమె వెళ్ళేసరికి హెల్మెట్ల లోపలి గుడ్డ ఊడదీసి ఎండకి ఆరేస్తున్నాడు.

ఆమె చెప్పిందంతా విని, "ఎప్పట్నుంచమ్మా?" అని అడిగాడు.

"ఎనిమిది నెలల నుంచి నాకు తెలుసండీ. అంతకుముందు సంగతి తెలీదు. ఎదురుగా ఉన్నది వెంట్రుకవాసి తేడా లేకుండా చూస్తారు. ఎడంపక్కన కొండున్నా కనపడదు."

"డాక్టరు దగ్గరికి?"

"రారు. కళ్ళజోడు మాటెత్తితేనే నాలుగు రోజులు మాటలుండవు."

"నన్నేం చెయ్యమంటావ్?"

"పచ్చలో వెయ్యండి మాస్టారూ. పక్కన ఎవరో ఒకరు ఉంటారు కదా. ఎడమ ఎడమ అని చెబుతారు."

హెడ్మాస్టారు హెల్మెట్ పక్కన పెట్టాడు. "పచ్చ గ్రూపు తోలడం రానివాళ్ళకమ్మా. మీ ఆయనకి తోలడం వచ్చు. నాకంటే బాగా వచ్చు. కనపడనివాళ్ళకి నా దగ్గర గ్రూపు లేదు."

"మొత్తానికి మానిపిస్తే ఆ మనిషి బతకడండీ."

"మానిపించకపోతే ఇంకో మనిషి బతకడు."

ఆ భయమే ఆమెని అక్కడిదాకా తెచ్చింది.

చివరికి ఆయనే ఓ మెట్టు దిగాడు. "ఇప్పటికి పచ్చలో వేస్తాను. ఆదివారం పొద్దున్న ఏడింటిలోగా కంటి డాక్టరు రాసిచ్చిన కాగితం నా చేతిలో ఉండాలి. లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తాను. అందరిముందూ ఆపాల్సొస్తుంది, తరవాత నన్ననుకోవద్దు."

"నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి."

"రానివ్వను. కాని సంతకం పెట్టినవాణ్ణి అడక్క తప్పదు."

మర్నాడు ఆయన అడిగే ఉంటాడు. మరిది షాపులో రోజూ కనిపిస్తూనే ఉన్నా ఆమెతో ఆ మాట ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అతను ఎదురైతే చాలు ఆమె వ్యాను టైర్ల వంక చూసేది.

ఇవాళ పదకొండింటికి కంటి డాక్టరు దగ్గర టైము తీసుకుంది. ఆ చీటీ వ్యానులో, ముందద్దం పైన ఎండకి దించుకునే రేకు వెనక దోపి ఉంది. ఏదో ఒక వంక చెప్పి మేస్త్రీని వ్యానెక్కించాలని పొద్దున్నే లేచి వ్యాను కడిగింది. కుళాయి గొట్టం అందక కాస్త ముందుకి లాగి మరీ కడిగింది. ఆలోగా కవరు వచ్చింది.

గేటు చప్పుడైంది.

చిన్నమేస్త్రీ గ్రీజు చేతులు కడుక్కోకుండానే వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. బల్ల మీద పచ్చ పట్టీ చూశాడు. వదిన వంక చూడలేదు.

"వచ్చావా? రా. ఇది నీకు తెలిసిన పట్టీయేనా?"

"తెలుసన్నయ్యా."

"నువ్వు సంతకం పెట్టింది ఏ పట్టీకి?"

"ఎర్రదానికి."

"మరి ఇది పచ్చగా ఎలా పండింది?"

చిన్నమేస్త్రీ నోరు తడుపుకున్నాడు. వ్యానమ్మ చేతిలో మసిగుడ్డ గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు చెప్పాలి. ఇదే సమయం. నోరు పెగల్లేదు.

"నేనే," అన్నాడు చిన్నమేస్త్రీ. "బుధవారం మాస్టారు ఫోన్ చేస్తే, నా సంతకం చెల్లదని చెప్పాను. నేనొక్కణ్ణే. ఇందులో ఇంకెవరి ప్రమేయం లేదు."

అడగని ప్రశ్నకి జవాబెందుకు చెప్పాడో మేస్త్రీకి తట్టలేదు. వ్యానమ్మకి తట్టింది.

"నీకు సైకిలు నేర్పిందెవర్రా?"

"నువ్వే."

"వీధి ఈ కొస నుంచి ఆ కొసదాకా నీ సైకిలు పక్కన పరిగెత్తిందెవరు? మోకాలు చీరుకుపోతే నా చొక్కా చింపి కట్టింది ఎవరు?"

"నువ్వేనన్నయ్యా. కాదన్నానా?"

"మరి నాకు తోలడం రాదని రాసిస్తావా? నువ్వు? నాకు?"

"రాదని రాయలేదు."

"పచ్చ పట్టీ అంటే అర్థమేమిటి మరి?"

"ఆ రోజు ఇరవై నిమిషాలు నీ ఎడంపక్కన కూర్చున్నాను చూడు," అన్నాడు చిన్నమేస్త్రీ మెల్లిగా. "నేనెందుకు నోరు మూయకుండా వాగుతూనే ఉన్నాననుకున్నావ్? ఎడమ నుంచి నీలం కారొస్తోంది, ఎడమ ఖాళీ, ఎడమ ఆగు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మాట్లాడకుండా ఊరుకున్నాను. గుర్తుందా? ఆరో మలుపులో."

మేస్త్రీకి గుర్తుంది. ఆరో మలుపులో ఎవడో బుద్ధిలేనివాడు ఎడంపక్క నుంచి దూరి, అద్దానికి అద్దం రాసుకుంటూ పోయాడు. ఇంటికొచ్చాక వారం రోజులు వాణ్ణి తిట్టాడు.

"వాడు దూరితే నా తప్పా?"

"వాడు దూరలేదన్నయ్యా. తిన్నని దారంతా నీ పక్కనే ఉన్నాడు. అయినా నీ ముఖం చూసి సంతకం పెట్టేశాను."

పొయ్యి మీద కారిన పాలు మాడిన వాసన ఇల్లంతా నిండింది.

"అర్థమైంది," అన్నాడు మేస్త్రీ చివరికి. అతని గొంతు దిగింది. అరుపు కంటే అదే భయంగా ఉంది. "అన్నకి కళ్ళు కనపడవని నలుగురికీ తెలిస్తే షాపు ఎవరిదవుతుంది? కనపడేవాడిది. సంతకం పెట్టిన రోజే ఆ లెక్క వేసుకుని ఉంటావ్."

"అన్నయ్యా!"

"సోమవారం నుంచి షాపులో నీ ముఖం కనపడకూడదు. తమ్ముడున్నాడన్న మాట మర్చిపోతాను. నువ్వూ మర్చిపో."

చిన్నమేస్త్రీ తల వంచుకున్నాడు. సరేనన్నాడు. ఎదురు చెప్పలేదు, నిజం చెప్పలేదు. వెనక్కి తిరిగాడు.

మౌనం అర్ధాంగీకారమంటారు. వ్యానమ్మ మౌనానికి ఓ మనిషి బతుకు పోతోంది. ఇన్నాళ్ళూ ఆమె నోరు మూసుకుంది మొగుడి పరువు కోసమని అనుకుంది. అది కొంతవరకే నిజం. మిగతాది భయం.

"ఆగవయ్యా," అంది మరిదితో. మొగుడి వైపు తిరిగింది. "మాస్టారి దగ్గరికి వెళ్ళింది నేను. మంగళవారం. పచ్చలో వెయ్యమని చేతులు పట్టుకుని అడిగింది నేను. ఇతనికేం తెలీదు."

మేస్త్రీ ఆమె వంక చూశాడు. ఎదురుగా ఉంది కనక బాగానే చూశాడు.

"నువ్వా?"

"మీకు ఎడంపక్క కనపడటం లేదు. పదకొండింటికి డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. ఒక్కసారి రండి. అంతే. ఇంకేం అడగను."

"ఎప్పుడు కనిపెట్టావ్?"

"ఎనిమిది నెలలైంది."

"ఎనిమిది నెలలు!" మేస్త్రీ నవ్వాడు. ఆ నవ్వు ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఎన్నడూ వినలేదు. "నాతో చెప్పడానికి ఎనిమిది నెలలు నీ నోరు పెగల్లేదు. ఆ ముసలాడితో చెప్పడానికి ఒక్క పూటలో పెగిలిందా? నాకంటే ముందు వాడికి తెలియాలా నా సంగతి?"

ఆమె ఎన్నో జవాబులు సిద్ధం చేసుకుంది. ఈ ప్రశ్నకి మాత్రం కాదు. ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న.

"వదినా మరిదీ ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. ఒకరు కళ్ళు పీకారు, ఒకరు కర్ర చేతికిచ్చారు. భలే ఉంది సంసారం." మేస్త్రీ లేచాడు. "వెళ్తాను. ఆ హెడ్మాస్టారి ముందే తోలి చూపిస్తాను. తాళం ఏది?"

వ్యానమ్మా మరిదీ బల్ల మీంచి చూపు తిప్పుకున్నారు.

"కారు తాళమే! ఇక్కడే పడేశాను. ఏది?"

బల్ల మీద కుడివైపంతా చేత్తో తడిమాడు. కవరు ఎత్తి చూశాడు. తడిసిన కాగితాలు జరిపాడు. పచ్చ పట్టీ విదిల్చి కింద పడేశాడు.

తాళం బల్ల మీదే ఉంది. అతని ఎడం చేతికి బెత్తెడు దూరంలో, ఎర్ర తోలు ముక్క తగిలించి ఉంది.

"దాచావా? తాళం కూడా దాచేదాకా వచ్చావా నువ్వు?"

వ్యానమ్మ పెదవి కొరుక్కుంది. చిన్నమేస్త్రీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అదిగో అక్కడుందని చెప్పడానికి ఇద్దరికీ నోరు రాలేదు. అతనికి ఎదురుపడి వాదించిన ఇద్దరూ ఆ ఒక్క మాట మాత్రం అనలేకపోయారు.

వాళ్ళిద్దరూ ఎటు చూడకుండా తప్పించుకుంటున్నారో మేస్త్రీకి అప్పుడు అనుమానం వచ్చింది. తల మెల్లిగా ఎడమకి తిప్పాడు. ఇంకాస్త తిప్పాడు.

తాళం కనిపించింది.

అతని ముఖంలో కోపం పోయింది. దాని చోట ఆశ్చర్యం వస్తుందని వ్యానమ్మ ఎదురుచూసింది. రాలేదు. ఆశ్చర్యం లేని ఆ ముఖం చూసి ఆమెకి అర్థమైంది. అతనికి తెలుసు. ఆమెకంటే ముందే తెలుసు. ఎనిమిది నెలలు ఒకే కప్పు కింద ఒకరికి తెలియకుండా ఒకరు అదే సంగతి దాచుకుంటూ వచ్చారు.

"ఏమండీ," అంది.

మేస్త్రీ తాళం తీసుకున్నాడు. గుమ్మంలో ఉన్న తమ్ముణ్ణి భుజంతో తోసుకుని వాకిట్లోకి వెళ్ళాడు. అతని నడక తడబడలేదు. మెట్లు మూడు, చెప్పుల స్టాండు, పూలకుండీ, అన్నీ వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి.

"ఆగన్నయ్యా! నేను పక్కన కూర్చుంటాను. నువ్వే తోలు. నేను కూర్చుంటానంతే!"

చిన్నమేస్త్రీ చుట్టూ తిరిగి ఎడం తలుపు అందుకునేసరికి లోపలి నుంచి లాకు పడింది. అతను అరచేత్తో అద్దం మీద కొట్టాడు. మేస్త్రీ తల తిప్పలేదు. ఇంజను అందుకుంది.

కారు ముక్కు ఎప్పుడూ గేటు వైపే ఉంటుంది. గేటుకి ఎడంపక్కన వ్యాను ఉంటుంది. దాని పక్క నుంచి కారు పోవడానికి ఎంత జాగా ఉంటుందో మేస్త్రీకి నిద్రలో లేపినా తెలుసు. చూడక్కర్లేదు. రోజూ చూడకుండానే పోతాడు.

కారు కదిలింది. చిన్నమేస్త్రీ తలుపు పిడి వదల్లేదు. ఎడంపక్కనే, కారుతోపాటు పరిగెడుతున్నాడు.

గుమ్మంలో ఉన్న వ్యానమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్న కడిగాక వ్యానుని మళ్ళీ వెనక్కి పెట్టలేదు. అది రోజూ ఉండే చోటుకి మూడడుగులు ముందుకి, ఓ అడుగు దారిలోకి ఉంది. కారుకీ వ్యానుకీ మధ్య రోజూ ఉండే సందు ఇవాళ లేదు. మరిది ఆ సందులోకే పరిగెడుతున్నాడు.

"ఎడమ!" అని గొంతు పగిలేలా అరిచింది. "ఏమండీ, ఎడమ! ఎడమ!"

కారు అద్దాలన్నీ ఎక్కించి ఉన్నాయి.